వాతావరణ మార్పు - పంట పురుగుల వ్యాప్తి అంచనా: బాన్సువాడ ప్రాంత చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

భూతాపం పెరుగుతున్నకొద్దీ పంటలను ఆశించే పురుగులు ఎక్కడికి, ఎప్పుడు, ఎంత ఉధృతితో వ్యాపిస్తాయో ముందుగా చెప్పడానికి శాస్త్రవేత్తలు అనేక గణిత నమూనాలను రూపొందించారు. ఈ నమూనాలలో చాలావరకు ఉష్ణోగ్రత, వర్షపాతం, తేమ ప్రధానాంశాలు. అయితే నిజాంసాగర్ ఆయకట్టులోని బాన్సువాడ వంటి ప్రాంతంలో పురుగుల చరిత్రను నిర్ణయించినవి ఇవి మాత్రమే కావు. కాలువ నీటి విడుదల, నాటు తేదీ, వంగడం కూడా వాటితో సమానంగా పనిచేశాయి. కార్తెల లెక్క నుంచి దీపపు ఎరల దాకా, అక్కడి నుంచి ఉష్ణదినాల గణన దాకా సాగిన అంచనా పద్ధతుల క్రమాన్ని ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. మానవ నిర్ణయాలతో ఏర్పడిన సాగు క్యాలెండర్‌ను చేర్చుకోకపోతే వాతావరణ ఆధారిత అంచనా అసంపూర్ణంగా మిగులుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బాన్సువాడ, నిజాంసాగర్, మంజీరా, కార్తెలు, తైబందీ, ఉల్లికోడు, మొగి పురుగు, కత్తెర పురుగు, ఉష్ణదినాలు, ముందస్తు నాట్లు.

1. ఉపోద్ఘాతం:

బాన్సువాడ నేడు కామారెడ్డి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగేవరకు నిజామాబాద్ జిల్లాలో భాగం. మంజీరా నదిపై నిర్మించిన నిజాంసాగర్ జలాశయం కాలువలు ఈ ప్రాంతపు పొలాల మీదుగా బోధన్ వైపు సాగుతాయి. వరి ఇక్కడి ప్రధాన పంట. ఆయకట్టు దాటిన మెట్ట భూములలో మక్క, సోయా, పత్తి, పప్పుధాన్యాలు పండుతాయి. ఒకే మండలంలో కాలువ కింద తరి, గట్టు మీద మెట్ట పక్కపక్కనే కనిపించే ఈ భూభాగం పురుగుల వ్యాప్తిని అధ్యయనం చేయడానికి అనువైనది.

వాతావరణ మార్పు పురుగులపై చూపే ప్రభావాన్ని గురించి అంతర్జాతీయంగా రెండు అధ్యయనాలు తరచుగా ప్రస్తావనకు వస్తాయి. 2013లో వెలువడిన మొదటి అధ్యయనం 612 జాతుల చీడపీడల నమోదులను పరిశీలించి, 1960 నుంచి అవి సగటున ఏడాదికి 2.7 కిలోమీటర్ల చొప్పున ధ్రువాల దిశగా జరుగుతున్నాయని తేల్చింది. 2018లో వెలువడిన రెండవ అధ్యయనం భూమి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగిన ప్రతిసారీ వరి, మక్క, గోధుమలలో పురుగుల వల్ల కలిగే నష్టం 10 నుంచి 25 శాతం వరకు అధికం కావచ్చని అంచనా వేసింది. ఈ పెరుగుదల సమశీతోష్ణ మండలాలలో తీవ్రంగా ఉంటుందని, ఉష్ణమండలపు వరిలో వేడి ఒక హద్దు దాటాక పురుగుల వృద్ధి నెమ్మదిస్తుందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది.

ఈ రెండు ఫలితాలను బాన్సువాడకు అన్వయించినప్పుడు ప్రశ్న స్వరూపమే మారుతుంది. ఐరోపాలోని రైతు అడిగే ప్రశ్న "ఈ పురుగు మా ప్రాంతానికి వస్తుందా?" అన్నది. సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న బాన్సువాడ రైతుకు పురుగు కొత్తది కాదు. "ఈసారి ఎప్పుడు వస్తుంది? పైరు ఏ దశలో ఉన్నప్పుడు వస్తుంది? కోతలోపు ఎన్ని తరాలు పూర్తిచేస్తుంది?" అన్నవే అతని ప్రశ్నలు. అంటే ఇక్కడ వ్యాప్తి అనేది స్థలానికి సంబంధించినది ఎంతో, కాలానికి సంబంధించినదీ అంతే. ఆ కాలాన్ని ఈ నేల మీద ఎవరు, ఎలా లెక్కించారన్నది చరిత్ర విషయం.

2. ఈతిబాధలు, కార్తెలు - తొలి అంచనా పద్ధతులు:

భారతీయ సంప్రదాయం పంటకు కలిగే విపత్తులను 'ఈతిబాధలు' అన్నది. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, సరిహద్దు రాజుల దండయాత్ర అనే ఆరింటిని ఒకే వరుసలో లెక్కించింది. ఈ వర్గీకరణలో ఒక సూక్ష్మమైన అవగాహన ఉంది. వానను, పురుగును, రాజకీయాన్ని వేర్వేరు శాస్త్రాలుగా విడదీయకుండా పంట వైపు నుంచి చూసి ఒకే పట్టికలో చేర్చింది. నేటి వాతావరణ నమూనాలు వానను, పురుగును మళ్ళీ కలిపి చూడడానికి ప్రయత్నిస్తున్నాయి. ఆ పట్టికలోని ఆరవ అంశానికి, అంటే పాలనా నిర్ణయాలకు, వాటిలో దక్కుతున్న చోటు చాలా తక్కువ.

రైతుల నిత్యజీవితంలో అంచనాకు ఆధారం కార్తె. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలాన్ని కార్తెగా లెక్కించి, ఏడాదిని ఇరవై ఏడు భాగాలుగా విభజించారు. మే చివరన రోహిణి, జూన్ రెండవ వారంలో మృగశిర, ఆ తరువాత ఆరుద్ర, పునర్వసు, పుష్యమి వరుసగా వస్తాయి. దుక్కి, నారుపోత, నాటు, కలుపు, కోత పనులన్నీ ఈ లెక్కతో ముడిపడినవే. ఏ కార్తెలో నాటితే ఏ తెగులు పట్టుతుందన్న అనుభవ జ్ఞానం కూడా ఇందులో భాగమే. పుష్యమి, ఆశ్లేషలు దాటాక వేసిన నాటుకు పురుగు బెడద ఎక్కువన్న రైతుల నమ్మకం అటువంటిదే. ఆలస్యంగా నాటిన వానాకాలపు వరిలో ఉల్లికోడు తీవ్రమవుతుందన్న తరువాతి కాలపు కీటకశాస్త్ర పరిశీలన దానితో ఏకీభవిస్తుంది.

అయితే కార్తెకు ఒక పరిమితి ఉంది. అది సూర్యగమనం మీద ఆధారపడిన స్థిరమైన లెక్క. మృగశిర ఏటా దాదాపు అదే తేదీకి ప్రవేశిస్తుంది. ఆ ఏడాది వాన ముందుగా వచ్చిందా, ఆలస్యమైందా, చలి తగ్గిందా అన్నదానితో కార్తెకు పనిలేదు. ఋతువులు తమ తేదీలకు కట్టుబడి ఉన్నంతకాలం కార్తె నమ్మదగిన సూచిక. ఋతువు తేదీ తప్పినప్పుడు కార్తె మిగిలి, దాని అర్థం జారిపోతుంది. వాతావరణ మార్పు గ్రామీణ జ్ఞానానికి కలిగించిన తొలి నష్టం ఇదే.

3. నిజాంసాగర్ - మారిన నీటి క్యాలెండర్:

నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ దీని నిర్మాణానికి సారథ్యం వహించిన ఇంజనీరు. దాదాపు 2.75 లక్షల ఎకరాలకు నీరందించాలన్నది తొలి లక్ష్యం. అప్పటివరకు చెరువులు, కుంటలు, వాగుల మీద ఆధారపడిన సాగు కాలువ నీటికి మారింది. రుద్రూర్‌లో వ్యవసాయ పరిశోధన క్షేత్రం ఏర్పడింది. బోధన్‌లో 1937 ప్రాంతంలో చక్కెర కర్మాగారం వెలిసింది. కోస్తా జిల్లాల నుంచి వలస వచ్చిన రైతులు వర్ని, కోటగిరి, బాన్సువాడ, బోధన్ పరిసరాలలో భూములు కొని స్థిరపడ్డారు. వారి నివాసాలు నేటికీ 'క్యాంపులు'గానే వ్యవహారంలో ఉన్నాయి.

ఈ మార్పును సాధారణంగా దిగుబడి పెరుగుదలగా, వలస చరిత్రగా చెప్పుకుంటారు. కీటకాల వైపు నుంచి చూస్తే ఇది మరొక రకమైన విప్లవం. చెరువు కింద సాగులో వానాకాలపు 'ఆబి' పంట తరువాత నీరు మిగిలిన ఏడాదిలోనే వేసవి 'తాబి' పంట. మిగతా భూమి నెలల తరబడి ఎండి ఉండేది. వరిని మాత్రమే తిని బతికే పురుగుకు ఆ ఎండకాలమే పెద్ద శత్రువు. కాలువ వచ్చాక ఆబి కోతకు, తాబి నాటుకు మధ్య విరామం తగ్గింది. కొయ్యకాళ్ళలో దాగిన మొగి పురుగు లద్దె తరువాతి పంటదాకా బతకగలిగింది. ఇది సగటు ఉష్ణోగ్రతలో వచ్చిన మార్పు కాదు, పురుగుకు ఆహారం దొరికే కాలంలో వచ్చిన మార్పు. భూతాపం గురించిన చర్చ మొదలుకాకముందే ఈ పొలాలలో సూక్ష్మవాతావరణం మారిపోయింది.

నీరు ఎప్పుడు, ఎంత విస్తీర్ణానికి వదలాలన్నది తైబందీతో నిర్ణయమవుతుంది. జలాశయంలో ఉన్న నీటిని బట్టి యాసంగిలో ఎన్ని ఎకరాలకు, ఎన్ని తడులు ఇవ్వవచ్చో ఖరారు చేస్తారు. నీరు తక్కువైతే వరికి బదులు ఆరుతడి పంటలు వేయమంటారు. పూడిక వల్ల జలాశయ సామర్థ్యం తొలినాటి 29.7 టీఎంసీల నుంచి 17.8 టీఎంసీలకు పడిపోయింది. ఎగువన సింగూరు నిర్మాణం తరువాత ప్రవాహం కూడా తగ్గింది. 2015-16 కరువులో సింగూరు, నిజాంసాగర్ రెండూ అడుగంటాయి. 2021 ఏప్రిల్‌లో కాళేశ్వరం ఎత్తిపోతల నీరు హల్దీ వాగు ద్వారా మంజీరాలోకి చేరింది. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి, మెదక్ జిల్లాలను కుంభవృష్టి ముంచెత్తింది. ఒకే దశాబ్దంలో అడుగంటిన జలాశయం, ఎండాకాలంలో పారిన వాగు, ఊళ్ళను ముంచిన వరద మూడూ ఈ ప్రాంతం చూసింది. తైబందీ ప్రతి మార్పూ లక్షలాది పురుగుల ఆహార క్యాలెండర్‌లో మార్పే.

బోధన్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడడం కూడా ఈ కోణంలో గమనింపదగినది. చెరకుకు కొనుగోలు ఆధారం పోయాక భూమి వరి వైపు మళ్ళడం సహజం. ఏడాదంతా పొలంలో నిలిచే చెరకు స్థానంలో వరి తరువాత వరి వస్తే, వరిని ఆశించే పురుగులకు ఆటంకం లేని నేల ఏర్పడుతుంది. కర్మాగారం మూత అనే ఆర్థిక సంఘటనను ఏ వాతావరణ నమూనా కూడా ముందుగా పట్టుకోలేదు.

4. పేర్లలో నిక్షిప్తమైన పరిశీలన:

పురుగులకు రైతులు పెట్టిన పేర్లు వర్ణనాత్మకమైనవి. ఉల్లికోడు సోకిన పిలకలో ఆకు విచ్చుకోకుండా గొట్టంలా పెరిగి ఉల్లి ఆకును పోలి ఉంటుంది. పేరే లక్షణాన్ని చెబుతుంది. సుడిదోమ పట్టిన పొలం అక్కడక్కడ గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండిపోతుంది. మొలక మధ్యలోని మొగిని చంపేది మొగి పురుగు. అదే పురుగు ఈనే దశలో తొలిస్తే తాలు గింజల తెల్లకంకి వస్తుంది. అగ్గితెగులు ఆకును కాలినట్లు చేస్తుంది. ఇవన్నీ కీటకాన్ని కాక, అది పైరులో మిగిల్చిన గుర్తును పట్టుకున్న పేర్లు. వ్యాప్తిని అంచనా వేయడానికి ఇది బలమూ, బలహీనతా కూడా. గుర్తు కనబడేసరికి ఉల్లికోడు లార్వా లోపల తన పని దాదాపుగా ముగించి ఉంటుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా సేకరించింది. ఆ పద్ధతి నేటికీ ఆదర్శం. ఒక పురుగు పేరు ఏ ఊళ్ళో ఎప్పటినుంచి వాడుకలో ఉందో సేకరిస్తే, ఆ పురుగు అక్కడ సమస్యగా మారిన కాలానికి సంబంధించిన భాషాసాక్ష్యం లభిస్తుంది. పాత పేరు లేని పురుగు సాధారణంగా కొత్తగా వచ్చినదో, కొత్తగా విజృంభించినదో అయి ఉంటుంది.

ఉల్లికోడు జీవనక్రమం వాతావరణంతో దగ్గరగా ముడిపడి ఉంది. దోమ వంటి తల్లి పురుగు రాత్రిపూట ఎగిరి గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన లార్వా పిలక మొదటికి జారాలంటే ఆకు మీద తడి ఉండాలి. అందువల్ల మబ్బు పట్టి, జల్లు పడుతూ, గాలిలో తేమ నిలిచిన రోజులు దానికి అనుకూలం. వరంగల్, రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రాల కృషితో 1970 దశకం నుంచి కాకతీయ, సురేఖ, ఫల్గుణ, పోతన వంటి తట్టుకునే వంగడాలు వచ్చాయి. రైతుకు కొంతకాలం ఊరట లభించింది. కానీ పురుగు కూడా మారింది. జగిత్యాలలోని ఉల్లికోడు, వరంగల్‌లోని ఉల్లికోడు, శ్రీకాకుళంలోని ఉల్లికోడు ఒకే రకం కాదని, ఒకచోట తట్టుకున్న వంగడం మరొకచోట లొంగిపోతుందని తేలింది. కాబట్టి "ఉల్లికోడు వ్యాప్తి" అని ఏకవచనంలో అంచనా వేయడం సాధ్యం కాదు. పటం మీద ఒకే రంగు వేసిన చోట పొలంలో వేర్వేరు పురుగులు ఉంటాయి.

సుడిదోమ చరిత్ర మరొక పాఠం. పొట్టి వంగడాలు, చిక్కని నాటు, అధిక నత్రజని, నిలిచిన నీరు దానికి అనుకూలించాయి. 1973 ప్రాంతంలో కేరళలో దాని ఉధృతి దేశం దృష్టిని ఆకర్షించింది. విచక్షణ లేకుండా మందు చల్లిన పొలంలో దోమను తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు చనిపోయి దోమ మరింత విజృంభించడం ఆసియా దేశాలన్నింటా కనిపించింది. ఇండోనేషియా 1986లో వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది ఈ అనుభవంతోనే. తప్పుడు అంచనా వల్ల కలిగే నష్టం ఇక్కడ స్పష్టమవుతుంది. రాని పురుగు వస్తుందని చెబితే రైతు మందు చల్లుతాడు. ఆ మందే తరువాతి పురుగును పిలుస్తుంది.

5. అంచనా శాస్త్రంగా మారిన క్రమం:

పురుగును సాక్ష్యంగా కాక సంఖ్యగా చూసే పద్ధతికి దీపపు ఎర తొలి సాధనం. రాత్రి దీపానికి ఆకర్షితమై పడిన పురుగులను ఉదయం రకాలవారీగా లెక్కించి నమోదు చేస్తారు. 1965లో మొదలైన అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకం వివిధ కేంద్రాలలో ఈ లెక్కను క్రమబద్ధం చేసింది. వరి కీటకాల పరిశోధనకు రాజేంద్రనగర్ జాతీయ కేంద్రమైంది. మొక్కల రక్షణ శిక్షణకు 1966లో హైదరాబాదులోనే జాతీయ స్థాయి సంస్థ ఏర్పడింది. తరువాతి కాలంలో లింగాకర్షక బుట్టలు తోడయ్యాయి. పొలంలో గుర్తు కనబడకముందే తల్లి పురుగుల రాకను గమనించగలగడం వీటి ప్రయోజనం.

రెండవ సాధనం ఉష్ణదినాల లెక్క. పురుగు శరీరం బయటి వేడిని అనుసరిస్తుంది కాబట్టి దాని ఎదుగుదల రోజులతో కాక, అందిన వేడితో సాగుతుంది. ఈ ఆలోచనకు మూలం ఫ్రెంచి శాస్త్రవేత్త రియోమ్యూర్ 1735లో చేసిన పరిశీలనలలో ఉంది. కత్తెర పురుగును ఉదాహరణగా తీసుకుంటే, ఎదుగుదలకు కావలసిన కనీస ఉష్ణోగ్రత సుమారు 12 డిగ్రీలు. గుడ్డు నుంచి తల్లి పురుగు దశకు చేరడానికి సుమారు 390 ఉష్ణదినాలు పడుతుంది. రోజు సగటు ఉష్ణోగ్రత 22 డిగ్రీలైతే దినానికి 10 యూనిట్లు సమకూరి, ఒక తరానికి 39 రోజులు అవసరమవుతాయి. సగటు 24 డిగ్రీలైతే దాదాపు 33 రోజులే చాలు. 110 రోజుల మక్క పంటలో మొదటి లెక్కన మూడవ తరం పూర్తికాకముందే కోత వస్తుంది. రెండవ లెక్కన మూడవ తరం పూర్తయి నాలుగవ తరం గుడ్లు కూడా పడతాయి. రెండు డిగ్రీల తేడా యాసంగి మక్క రైతుకు ఒక తరం పురుగుల తేడా. వేడి మరీ పెరిగితే పురుగు బతుకు కూడా కష్టమవుతుంది కాబట్టి ఈ లెక్కకు పై హద్దు ఉంది. నిండు వేసవికి, చలికాలానికి ఒకే సూత్రం వర్తించదు.

కార్తెతో పోల్చి చూస్తే ఉష్ణదినాల లెక్క ఒక కదిలే కార్తె. సూర్యుని స్థానాన్ని బట్టి కాక, ఆ ఏడాది నిజంగా అందిన వేడిని బట్టి తేదీని జరుపుతుంది. పాత పద్ధతిని కొట్టివేయకుండా దాని లోపాన్ని పూరించే సాధనంగా దీనిని చూడడం సముచితం.

మూడవది అనుకూల ప్రాంతాలను పటంపై గుర్తించే నమూనా. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1985లో ప్రకటించిన క్లైమెక్స్, 2006లో వచ్చిన మాక్సెంట్ ఇందులో ప్రసిద్ధమైనవి. ఒక పురుగు ఇప్పటికే ఉన్న చోట్ల వాతావరణాన్ని చదివి, అటువంటి వాతావరణం మరెక్కడ ఉందో, రేపు ఎక్కడ ఏర్పడుతుందో ఇవి చెబుతాయి. క్లైమెక్స్‌లో సాగునీటిని అదనంగా చేర్చే వీలు కూడా ఉంది. అయితే ఏటా మారే తైబందీని స్థిరమైన సాగునీరుగా భావించి లెక్కిస్తే ఫలితం సగటు ఆయకట్టుకు సరిపోతుంది గాని, కాలువ చివరి భూమికి సరిపోదు. తూము దగ్గర ముందుగా నాటిన మడి, చివరన నెల ఆలస్యంగా నాటిన మడి ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా పురుగుకు రెండు వేర్వేరు దేశాలే.

భారత వ్యవసాయ పరిశోధన మండలి 2011లో వాతావరణ మార్పును తట్టుకునే వ్యవసాయంపై జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దాని సమన్వయ బాధ్యత హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థది. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. పొలంలో తీసిన ఫొటో ఆధారంగా పురుగును గుర్తించి సలహా ఇవ్వడం దాని పద్ధతి. ఈ ఫొటోలతో పాటు నాటు తేదీ, వంగడం పేరు కూడా నమోదైతే, రోగనిర్ధారణకు ఉద్దేశించిన సాధనమే అంచనాకు ఆధారమవుతుంది.

6. రెండు పరీక్షలు - కత్తెర పురుగు, మిడతలు:

ఇటీవలి కాలంలో అంచనా శాస్త్రం ఈ ప్రాంతంలో రెండు పరీక్షలను ఎదుర్కొంది.

మొదటిది కత్తెర పురుగు. అమెరికా ఖండాలకు చెందిన ఈ పురుగు 2016లో పశ్చిమ ఆఫ్రికాలో, 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో కనిపించింది. ఆ ఏడాదిలోనే తెలంగాణ మక్క చేలకు చేరింది. ఒక్క రాత్రిలో దాదాపు వంద కిలోమీటర్లు ఎగరగల తల్లి పురుగుకు కర్ణాటక నుంచి ఇక్కడికి రావడం పెద్ద పని కాదు. దక్కను వాతావరణం దానికి ఎప్పటినుంచో అనుకూలమే. అది రావడానికి భూతాపం కారణం కాదు, ఖండాల మధ్య రాకపోకలు కారణం. వచ్చిన తరువాత నిలదొక్కుకోవడానికి వానాకాలం, యాసంగి రెండింటా దొరికే మక్క కారణం. తరాల సంఖ్యను నిర్ణయించేదే ఉష్ణోగ్రత. రాక, స్థిరపడడం, ఉధృతి అనే మూడు దశలకు మూడు వేర్వేరు కారణాలున్నాయని ఈ ఉదాహరణ చూపుతుంది. మూడింటినీ వాతావరణ మార్పు ఖాతాలో వేయడం శాస్త్రం కాదు.

రెండవది 2020 నాటి ఎడారి మిడతల దండు. 2018 మేలో మెకును, అక్టోబరులో లుబన్ తుపానులు అరేబియా ఎడారిలో కురిపించిన వానలు మిడతలు వరుసగా తరాలు పెరగడానికి తోడ్పడ్డాయి. 2019లో హిందూ మహాసముద్రపు పడమటి భాగం అసాధారణంగా వేడెక్కడం తూర్పు ఆఫ్రికాలో వానలను పెంచింది. 2020 మే చివరికి దండ్లు విదర్భ చేరాయి. తెలంగాణ ప్రభుత్వం మహారాష్ట్ర సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసి, నిపుణుల బృందాన్ని నియమించింది. గాలి దిశ మారి దండు ఉత్తరానికి మళ్ళింది. అదే సమయంలో అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్ల మీద కనిపించిన స్థానిక మిడతలు ఎడారి మిడతలేనన్న భయం వ్యాపించింది.

కాకతాళీయంగా నిజమైన జోస్యాన్ని తెలుగువారు 'మిడుతంభొట్ల జోస్యం' అంటారు. 2020 హెచ్చరిక అటువంటిది కాదు. దండు రాకపోయినా హెచ్చరిక విఫలమైనట్టు కాదు. గాలి ఏ దిశలో వీస్తే ఏ జిల్లాలకు ముప్పో ముందుగా చెప్పగలగడమే దాని విలువ. 1939లో దేశంలో ఏర్పడిన మిడతల హెచ్చరిక సంస్థ నుంచి నేటిదాకా పోగైన నమోదుల వల్లనే అది సాధ్యమైంది. ఎనభై ఏళ్ళ నమోదు మిడతకు ఉంది. బాన్సువాడ పొలంలో ఏటా నష్టం చేసే మొగి పురుగు విషయంలో కావలసినది కూడా అటువంటి ఎడతెగని నమోదే.

7. ముందస్తు నాట్లు - వర్తమాన సందర్భం:

2023 మార్చి, ఏప్రిల్ నెలలలో అకాల వర్షాలు, వడగండ్లు తెలంగాణలో కోతకు వచ్చిన యాసంగి వరిని దెబ్బతీశాయి. ఆ తరువాత సాగు కాలాన్ని ముందుకు జరపాలని రాష్ట్ర ప్రభుత్వం రైతులకు సూచించింది. బాన్సువాడ, వర్ని, బోధన్ ప్రాంతాలలో ఈ పద్ధతి అంతకుముందే ఉంది. బోరుబావుల ఆధారంగా ఇక్కడ వానాకాలం నాట్లు జూన్‌లోనే మొదలవుతాయి. యాసంగి నాట్లు కూడా మిగతా జిల్లాలకంటే ముందుగా పడతాయి. స్థానిక రైతుల అలవాటు వాతావరణ మార్పుకు అనుగుణమైన విధానంగా రాష్ట్రమంతటికీ ఆదర్శమైంది.

పురుగుల అంచనా దృష్ట్యా ఈ మార్పును రెండు వైపుల నుంచి చూడాలి. ముందుగా నాటిన వానాకాలపు పైరు, ఉల్లికోడు ఉధృతమయ్యే మబ్బు రోజులకు పిలకల దశ దాటిపోతుంది. ముందుగా నాటిన యాసంగి పైరు వడగండ్లకు ముందే కోతకు వస్తుంది. ఇవి లాభాలు. మరోవైపు, వానాకాలపు కోతకు, యాసంగి నారుమడికి మధ్య విరామం మరింత తగ్గితే కొయ్యకాళ్ళలోని మొగి పురుగుకు ఎండే కాలం మిగలదు. డిసెంబరు, జనవరి చలిలో నారు ఎదుగుదల మందగిస్తుంది, పురుగు ఎదుగుదల కూడా మందగిస్తుంది. ఆ నెలల రాత్రి ఉష్ణోగ్రతలు పెరిగితే ఈ రెండవ రక్షణ కూడా సడలుతుంది. ఒక ఊరంతా ముందుగా నాటితే పురుగుకు దొరికే అవకాశం కుంచించుకుపోతుంది. సగం ఊరు ముందుగా, సగం ఊరు కాలువ నీటి కోసం ఆగి ఆలస్యంగా నాటితే, ముందు మడిలో పెరిగిన పురుగు వెనుక మడి మీద పడుతుంది. బోరు ఉన్న రైతు తప్పించుకున్న నష్టం బోరు లేని రైతు మీదికి మళ్ళుతుంది. వాతావరణానికి తట్టుకునే వ్యూహం సామాజిక అసమానతను పెంచే ప్రమాదం ఇక్కడే ఉంది.

దీనికి పరిష్కారం యంత్రంలో మాత్రమే లేదు. తైబందీ ఖరారు చేసే సమావేశంలో నీటి లెక్కతో పాటు దీపపు ఎరల లెక్క కూడా పరిశీలనకు రావాలి. ఒక డిస్ట్రిబ్యూటరీ కింద నాట్లు రెండు, మూడు వారాలలోపు పూర్తయ్యేలా నీరు వదిలితే అది ఏ మందుకంటే బలమైన నివారణ. నారు కొనలు తుంచి నాటడం వంటి పాత అలవాటు మొగి పురుగు గుడ్లను పొలానికి చేరనివ్వదు. కోత తరువాత కొయ్యకాళ్ళను కాల్చడానికి బదులు దున్ని నీరు పెట్టడం లోపలి లద్దెను నశింపజేస్తుంది. ఇవి అంచనాతో కలిసినప్పుడే సకాలంలో జరుగుతాయి.

8. ముగింపు:

- బాన్సువాడ ప్రాంతంలో పంట పురుగుల వ్యాప్తిని వేడిమి, నీరు, నాటు తేదీ కలిసి నిర్ణయించాయి. నిజాంసాగర్ నీటి క్యాలెండర్‌ను మార్చినప్పుడే పురుగుల చరిత్ర ఒక మలుపు తిరిగింది. వాతావరణ మార్పు రెండవ మలుపు.

- కార్తె స్థిరమైన సూచిక. ఉష్ణదినాల లెక్క ఆ ఏడాది వేడిని అనుసరించే సూచిక. రెండింటినీ కలిపి, రైతుకు పరిచితమైన కార్తె భాషలో ఉష్ణదినాల ఫలితాన్ని చెప్పడం విస్తరణ సేవలకు ఉపకరిస్తుంది.

- ఉల్లికోడు రకాల వైవిధ్యం, కత్తెర పురుగు రాక, 2020 నాటి మిడతల హెచ్చరిక అనే మూడు ఉదాహరణలు ఒకే నమూనా అన్ని పురుగులకూ సరిపోదని నిరూపిస్తున్నాయి.

- నాటు తేదీ, వంగడం, నీటి విడుదల తేదీ అనే మూడు వివరాలు ఊరివారీగా నమోదైతే వాతావరణ ఆధారిత అంచనాకు స్థానిక విశ్వసనీయత కలుగుతుంది.

- పురుగుల మాండలిక నామాల సేకరణ తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని. ఆ పేర్లు పొలంలో పుట్టిన నమోదులు. వాటిని పలికే తరం వ్యవసాయం నుంచి తప్పుకుంటున్నందున ఆ సేకరణకు మిగిలిన వ్యవధి తక్కువ.

- ఈతిబాధల పట్టిక వానను, పురుగును, పాలనను ఒకే వరుసలో నిలిపింది. నేటి అంచనా శాస్త్రం మొదటి రెండింటిని కలపగలిగింది. మూడవదైన నీటి పాలనను కూడా కలుపుకున్నప్పుడే కాలువ చివరి మడి రైతుకు ఆ అంచనా అక్కరకు వస్తుంది.